ఆఫీసులో మాట, మర్యాద, మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో అకౌంట్స్ విభాగంలో చేరి, టీం లీడ్ అయి, ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. ఇప్పుడు సూపర్‌వైజర్లకూ మేనేజర్లకూ శిక్షణ తరగతులు చెబుతున్నాను. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కొన్ని సంస్థల అంతర్గత కమిటీల్లో బయటి సభ్యురాలిగా ఉన్నాను. తరగతిలో అందరి ముందు ఎవరూ పెద్దగా నోరు విప్పరు. అయిపోయాక టీ కప్పు పట్టుకుని పక్కకు వచ్చి అడుగుతారు. అలా మళ్లీ మళ్లీ విన్న ప్రశ్నలే ఇవి.

మా రోజుల్లోనూ మర్యాద ఉండేది కదా. కొత్తగా ఏం మారింది?

ఉండేది. కానీ అది ఎక్కువగా కింది నుంచి పైకే వెళ్లేది. ఆఫీసరు వస్తే గుమస్తా లేచి నిలబడేవాడు. ఆయన ఫైలు విసిరికొడితే వంగి ఏరుకునేవాడు. నలుగురిలో తిట్టినా "సార్‌కి కోపం ఎక్కువ గానీ మనసు వెన్న" అని మనకు మనమే సర్దిచెప్పుకునేవాళ్లం. ఆ కోపం ఎప్పుడూ కింద పనిచేసేవాళ్ల మీదే ఎందుకు వస్తుందో, పై అధికారి ముందు ఎటు పోతుందో మేం అడగలేదు. ఇప్పటివాళ్లు అడుగుతున్నారు. మర్యాద పై నుంచి కిందికి కూడా రావాలంటున్నారు. మిగతా మార్పులన్నీ నాకు ఈ చెట్టు కొమ్మల్లాగే కనిపిస్తాయి.

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్నప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటల మాట ఎత్తినప్పుడు వచ్చిన స్పందన గుర్తుందా? నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలాంటి మాటలు చెబితే బుద్ధిగా తలలూపేవాళ్లం. ఈసారి మాత్రం ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లూ, ముసలి తల్లిదండ్రులున్నవాళ్లూ బయటికొచ్చి తమ రోజు ఎలా గడుస్తుందో వివరంగా చెప్పారు. ఎన్ని గంటలు సరైనవన్న చర్చను పక్కన పెట్టినా, పనిచేసేవాడి వైపు నుంచి కూడా ఒక లెక్క ఉందని అందరూ విన్నారు.

సానుభూతి, సహానుభూతి అంటారు. రెండూ ఒకటే కదా?

ఒకటి కావు. "అయ్యో పాపం" అని మన సీటుకు మనం వెళ్లిపోతే అది సానుభూతి. "నీ రేపటి రిపోర్టు నేను చూసుకుంటాను, నువ్వు ఆస్పత్రికి వెళ్లు" అన్నామంటే అవతలివాళ్ల స్థానంలో ఒక్క నిమిషమైనా నిలబడ్డామన్నమాట. పేర్లతో పెద్దగా పనిలేదు. తరగతుల్లో నేను కూడా "ఎంపతీ" అనే అంటాను, అది అందరికీ అర్థమవుతుంది కాబట్టి.

"నువ్వు" అనాలా, "మీరు" అనాలా? చనువుగా ఉంటే తప్పేంటి?

ఇంగ్లీషులో మీటింగ్ నడిచినంతసేపు ఈ చిక్కు కనిపించదు. చిన్నాపెద్దా అందరికీ "యూ" సరిపోతుంది. తెలుగులోకి రాగానే ఎవరి మనసులో ఎవరికి ఎంత చోటుందో బయటపడుతుంది. 23 ఏళ్ల కుర్రవాడు తన మేనేజర్‌ను "మీరు" అంటాడు. అదే నోటితో యాభై ఏళ్ల క్యాబ్ డ్రైవర్‌ను "ఎక్కడున్నావ్?" అంటాడు. సెక్యూరిటీ గార్డును "ఏయ్" అంటాడు. టేబుళ్లు తుడిచే ఆమెను ఆ ఆఫీసులో ఎవరూ అడగనిది ఆమె పేరు ఒక్కటే.

అయితే "నువ్వు" అన్న ప్రతిచోటా అమర్యాద వెతకకూడదు. తెలంగాణ పల్లెల్లో, ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లను కూడా ప్రేమగా "నువ్వు" అనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇంటి నుంచి వచ్చిన పిల్ల మిమ్మల్ని "నువ్వు" అంటే అది చనువు. నేను చూసే కొలత ఒకటే: ఆ మాట రెండు వైపులా నడుస్తుందా? మీరు అతన్ని "నువ్వు" అన్నట్టే అతను మిమ్మల్ని అనగలిగితే అది స్నేహం. మీరు మాత్రమే అనగలిగితే, దయచేసి "మీరు"కి మారండి. అన్నా, అక్కా, తమ్ముడూ అనే పిలుపులు మన బలం, వాటిని వదులుకోవాలని నేను చెప్పను. కానీ "తమ్ముడూ" అని పిలిచి ఆదివారం కూడా పని చేయించుకుంటే ఆ పిలుపు విలువ పోతుంది. సమావేశంలో అందరికీ పేర్లు పెట్టి, ఒక్క అమ్మాయిని మాత్రం "ఏమ్మా, నువ్వు చెప్పు తల్లీ" అంటే ఆమె మాటకు బరువు తగ్గించినట్టే.

పెళ్లెప్పుడు, విశేషమేమైనా ఉందా అని ప్రేమతోనే అడుగుతాం. అది కూడా తప్పేనా?

ఈ ప్రశ్నకు నా అనుభవమే చెబుతాను. 2006లో నాకు నాలుగో నెలలో గర్భం పోయింది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. జ్వరమని నాలుగు రోజులు సెలవు పెట్టి ఐదో రోజు వెళ్లాను. లంచ్ దగ్గర ఒకావిడ, నిజంగా మంచి మనిషి, నా టిఫిన్ బాక్సులో చింతకాయ పచ్చడి చూసి "ఏంటి, ఏమైనా విశేషమా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వాష్‌రూంలో ఎంతసేపున్నానో నాకు తెలియదు. ఆవిడ చేసింది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. మా అమ్మ అయినా అలాగే అడిగేది. కానీ ఆ రోజు ఆ ప్రశ్న నా దగ్గరికి రాకుండా ఉంటే బాగుండేదని ఇన్నేళ్లయినా అనిపిస్తూనే ఉంది.

అందుకే చెబుతున్నాను: పెళ్లి, పిల్లలు, విడాకులు, లావు, సన్నం, రంగు. ఈ విషయాలు వాళ్లంతట వాళ్లు ఎత్తితే వినండి. ఎత్తకపోతే అడగొద్దు. "ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం చాలు.

ఇంకో మాట. గర్భస్రావం జరిగిన స్త్రీకి ఆరు వారాల వేతన సెలవు ఇవ్వాలన్న నియమం 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం రోజుల నుంచే ఉంది. నాకు ఆ రోజు తెలియదు. నా మేనేజర్‌కూ తెలిసి ఉండదు. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారన్న సంగతి అందరికీ తెలుసు, ఈ ఆరు వారాల సంగతి మాత్రం ఇప్పటికీ తరగతిలో చెబితే ఆశ్చర్యపోతారు. మీ ఆఫీసులో ఆడపిల్లలకు ఇది తెలిసేలా చేయండి. ఎందుకు సెలవో చెప్పాల్సింది హెచ్‌ఆర్‌లో ఒక్కరికే కావాలి, టీం మొత్తానికి కాకూడదు.

యాస మీద సరదాగా జోకులు వేసుకుంటాం. ఎవరూ ఏమీ అనరు.

అనకపోవడం అంగీకారం అనుకోవద్దు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అబ్బాయి ఫోన్‌లో ఇంటివాళ్లతో మాట్లాడాలంటే మెట్ల దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించడం నేను చూశాను. మహబూబ్‌నగర్ పిల్ల ప్రెజెంటేషన్‌లో ఒక్క మాట తన యాసలో దొర్లినందుకు నెల రోజులు అదే మాటతో పిలిపించుకుంది. రాయలసీమ అనగానే బాంబుల గురించి అడుగుతారు. ఇంగ్లీషు తడబడినా ఇంతే. ఎగతాళికి గురైన మనిషి తర్వాతి మీటింగ్‌లో నోరు తెరవడు. అతని దగ్గరున్న మంచి ఆలోచన అతనితోనే ఉండిపోతుంది.

ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టేనా?

మీకూ తెలుసు, నాకూ తెలుసు. "మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు? అక్కడ ఫలానావాళ్లు మీకేమవుతారు?" అని వరుసగా నాలుగు ప్రశ్నలు వస్తే అవి ఎటు వెళుతున్నాయో ఎదుటివాళ్లకు మొదటి ప్రశ్నకే అర్థమవుతుంది. "మనోళ్లే" అని తేలితే ఒక నవ్వు, తేలకపోతే ఒక మౌనం. ఆ మౌనాన్ని చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు ఆఫీసులోనూ వెంటనే గుర్తుపడతారు. కులం పేరుతో ఉన్న సామెతలు మన భాషలో లెక్కలేనన్ని. వాటిని ఆఫీసులోనే కాదు, ఇంట్లో కూడా మానేయమని నేను అడుగుతాను. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరుతో అవమానించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఈ అలవాటు మనతోపాటు విమానం కూడా ఎక్కింది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. ఆ దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. మనవాళ్లు అంతమంది పనిచేసే ఊళ్లో ఆ చట్టం అవసరమైందంటే నాకు బాధ కలిగింది.

తిండి సంగతి కూడా ఇందులోదే. పక్కవాళ్ల బాక్సు తెరవగానే ముక్కు మూసుకోవడం, "ఇది కూడా తింటారా?" అనడం మానేద్దాం. టీ ఇచ్చే మనిషికి వేరే గ్లాసు పెట్టే ఆఫీసు ఇప్పటికీ ఉంటే, శిక్షణ తరగతి కంటే ముందు ఆ గ్లాసు తీసేయండి.

ఆడవాళ్లతో మాట్లాడాలంటేనే భయమేస్తోంది. ఏమంటే ఏ ఫిర్యాదు వస్తుందో!

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. నిజాయితీపరులు కూడా నన్ను ఇలా అడిగారు. కానీ పనిచేసేచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే ఈ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలుసుకోండి. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భన్వరీ దేవి అనే ఆమె ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో క్షేత్రస్థాయి కార్యకర్త. బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. తన పని తాను చేసినందుకు పడిన శిక్ష అది. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళితే, 1997లో వాటిలో ఒకటైన 'విశాఖ' సంస్థ పేరుతో విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి. 2013లో అవి చట్టమయ్యాయి. గచ్చిబౌలి ఏసీ గదుల్లో మనం కూర్చునే కమిటీలకు మూలం ఒక పల్లెటూరి కార్యకర్త పడ్డ నరకం. ఈ సంగతి చెప్పకుండా నేను ఏ తరగతీ మొదలుపెట్టను.

ఇక చట్టం ఎలా నడుస్తుందంటే, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే ఉండాలి. బయటి నుంచి ఒకరుండాలి. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి వాదనా వింటాం. ఇద్దరి పేర్లూ బయటికి పొక్కకూడదు. ఫిర్యాదు రుజువు కానంత మాత్రాన అది దొంగ ఫిర్యాదు అయిపోదని కూడా చట్టంలో స్పష్టంగా ఉంది. ధైర్యం చేసి వచ్చిన ఆడమనిషికి ఆ ఒక్క వాక్యం పెద్ద రక్ష.

మామూలుగా పని గురించి మాట్లాడే మనిషికి ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. భయంతో ఆడవాళ్లను ప్రాజెక్టుల నుంచి, సైట్ విజిట్ల నుంచి తప్పిస్తే మాత్రం అది ఇంకో అన్యాయం అవుతుంది. మగవాళ్లతో ఎలా మాట్లాడతారో, అంత సూటిగా పని మాట్లాడండి.

మాది చిన్న బట్టల షాపు. పదిమంది కూడా లేరు. ఇవన్నీ మాకెందుకు?

పదిమంది కంటే తక్కువ ఉన్న చోట్ల, ఇళ్లలో పనిచేసే మహిళలకు కూడా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదు అక్కడ ఇవ్వవచ్చు.

షాపుల్లో నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది కుర్చీ. పండగ సీజన్‌లో చీరల కొట్టులో అమ్మాయి పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటుంది. గిరాకీ లేని మధ్యాహ్నం కూడా కూర్చోనివ్వరు, చూసేవాళ్లకు బాగుండదని. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. కేరళలో ఆ హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడింది బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లే. మీరు చట్టం కోసం ఎదురు చూడక్కర్లేదు. రేపే నాలుగు స్టూళ్లు కొని కౌంటర్ వెనక వేయండి. కొనేవాళ్లెవరూ ఆ కారణంగా వెనక్కి వెళ్లిపోరు.

ఇంట్లో ఎవరైనా చనిపోతే ఎన్ని రోజులు సెలవివ్వాలి? ఏం మాట్లాడాలి?

ప్రైవేటు ఉద్యోగాల్లో దీనికంటూ దేశంలో చట్టం లేదు, సంస్థ ఇచ్చినంతే. చాలాచోట్ల మూడు నుంచి ఐదు రోజులు. మన ఇళ్లలో పదో రోజు, పదకొండో రోజు, పెద్దకర్మ ఉంటాయి. కొడుకు నాలుగో రోజు ల్యాప్‌టాప్ తెరిచి, పెద్దకర్మకు మళ్లీ సెలవు అడుక్కోవాల్సి వస్తుంది. పాలసీలో తల్లి, తండ్రి, భార్య, భర్త, పిల్లలే ఉంటారు. తండ్రి లేని పిల్లను పెంచిన మేనమామ ఆ జాబితాలో ఉండడు. పాలసీ రాసేవాళ్లు "దగ్గరి బంధువు ఎవరో ఉద్యోగే చెబుతారు" అని ఒక్క వాక్యం చేరిస్తే ఎంత మేలో! కొన్నిచోట్ల చేర్పించగలిగాను.

మాట విషయానికొస్తే, పరామర్శ మన పెద్దలకు బాగా తెలిసిన విద్య. వెళ్లి పక్కన కూర్చునేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అని కూడా అనకుండా వచ్చేసేవారు. ఇప్పుడు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నలభై "ఓం శాంతి"లు వరుసగా పడతాయి, వాటి కిందే డెలివరీ డేట్ అడిగే మెసేజ్. కనీసం మేనేజర్ అయినా ఫోన్ చేయాలి, వీలైతే ఇంటికి వెళ్లాలి. "పని గురించి ఆలోచించకండి, ఎవరికి ఏది అప్పజెప్పానో నేను చూసుకున్నాను" అన్న మాట కన్నా పెద్ద ఓదార్పు లేదు.

ఈ తరం పిల్లలు ఒక్క మాట పడరు. తప్పు చేస్తే చెప్పొద్దా?

చెప్పాలి. చెప్పకుండా అప్రైజల్‌లో మార్కులు తగ్గించడం అసలైన నిర్దయ. మెత్తగా ఉండాలని తప్పు దాచిపెట్టే మేనేజర్లను నేను మెచ్చుకోను. ఎక్కడ, ఎలా చెప్పారన్నదే తేడా. "నీకు బుర్ర లేదు" అంటే మనిషిని అన్నట్టు. "ఈ షీటులో జీఎస్టీ రెండుసార్లు లెక్కయింది, ఎందుకైందో చూద్దాం" అంటే పనిని అన్నట్టు. మొదటిది గుర్తుండిపోతుంది, రెండోది పనికొస్తుంది.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆస్పత్రి నర్సుల బృందాల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కలు తిరగబడ్డాయి. తరచి చూస్తే తెలిసిందేమిటంటే, అక్కడ తప్పు జరిగితే బయటికి చెప్పగలుగుతున్నారు, మిగతాచోట్ల భయపడి దాస్తున్నారు. మీ టీంలో ఎప్పుడూ ఏ పొరపాటూ మీ దాకా రావడం లేదంటే సంతోషించే ముందు ఒకసారి ఆలోచించండి. ఆస్పత్రిలో దాచిన పొరపాటుకు మూల్యం ఒక ప్రాణం.

రాత్రి పదింటికి మెసేజ్ పెట్టకూడదా?

అమెరికా క్లయింట్‌తో పనిచేసేచోట రాత్రి కాల్ తప్పదు. తప్పనిదానికీ అలవాటుకీ తేడా చూడండి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి పనివేళల తర్వాత ఫోన్ పక్కన పెట్టే హక్కు చట్టంలోనే ఉంది. మన దగ్గర "పొద్దున చూస్తే చాలు" అని మెసేజ్‌లో రాస్తే చాలు, అవతలివాళ్లకు నిద్ర పడుతుంది.

ఒకమ్మాయి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదంది. నేను డాక్టర్‌ని కాను కదా, ఏం చేయాలి?

డాక్టర్ కానక్కర్లేదు. వినండి. "అందరికీ ఉండేదే", "యోగా చెయ్", "పెళ్లయితే సర్దుకుంటుంది" అనకండి. పనిభారం వల్లైతే ఆ భారం తగ్గించడం మీ చేతిలో ఉంది, అది చేయండి. ఉద్యోగంలో అదుపు తప్పిన ఒత్తిడి వల్ల వచ్చే బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అది మనిషి బలహీనత అనలేదు, పనికి సంబంధించిన పరిణామంగా చూపింది. ఇంకా సాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును మీ ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టండి. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే దాన్ని ఊరికే అన్న మాటగా తీసుకోవద్దు. ఆ పూట వాళ్లను ఒంటరిగా వదలొద్దు.

అలాగే "మెంటలా?", "పిచ్చా నీకు?" అనే మాటలు ఊతపదాలుగా మారిపోయాయి. మానసిక సమస్యకు రోజూ మందులు వేసుకునే మనిషి మీ పక్క సీట్లోనే ఉండవచ్చు.

వికలాంగులు అనాలా, దివ్యాంగులా, విభిన్న ప్రతిభావంతులా?

"దివ్యాంగులు" అనే పదం వచ్చినప్పుడు వైకల్యం ఉన్నవాళ్లలోనే చాలామంది వద్దన్నారు. దివ్యత్వం వద్దు, ర్యాంపు కావాలి అన్నది వాళ్ల బాధ. నా సలహా: పేరు పెట్టి పిలవండి. పదం అవసరమైతే ఏది ఇష్టమో వాళ్లనే అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో కొన్ని బయటికి కనిపించవు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని మీటింగ్‌లో అనే ముందు గదిలో ఎవరున్నారో మీకు తెలుసా?

నెలసరి సెలవు ఇస్తే ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోరు కదా?

బీహార్ ప్రభుత్వం తన ఉద్యోగినులకు నెలకు రెండు రోజులు 1992 నుంచే ఇస్తోంది. కర్ణాటక 2025లో ఏడాదికి 12 రోజుల విధానం తెచ్చింది. భయం ఉన్నమాట నిజమే, కానీ తీసుకోకపోవడం యజమాని తప్పు. దానికి నొప్పి భరించడం విరుగుడు కాదు. సెలవు మాట తేలేలోపు శుభ్రమైన టాయిలెట్, అందులో మూత ఉన్న చెత్తబుట్ట అయినా ఏర్పాటు చేయండి.

అందరి బాధలూ నా దగ్గరికే వస్తున్నాయి. నేను అలసిపోయాను.

ఇలా అడిగేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. వినేవాళ్లనే అందరూ వెతుక్కుంటూ వస్తారు. ఆ పని జాబ్ వివరాల్లో ఉండదు, అప్రైజల్‌లో లెక్కకు రాదు. మీ మేనేజర్‌కు ఇది పనిగానే చెప్పండి: "నెలలో ఇన్ని గంటలు దీనికే పోతున్నాయి" అని. "ఈ రోజు వినే ఓపిక లేదు, రేపు మాట్లాడదామా?" అనడం కూడా నేర్చుకోండి. అలా అన్నందుకు నాతో స్నేహం వదులుకున్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఒకప్పుడు నేనూ అలాంటి మాటలే అన్నాను. ఇప్పుడు క్షమాపణ అడగొచ్చా?

అడగొచ్చు. "నా ఉద్దేశం అది కాదు", "ఆ రోజులు అలాంటివి" అని మొదలుపెట్టకండి. ఏమన్నారో ఆ మాటే చెప్పి, అలా అనకుండా ఉండాల్సిందని చెప్పండి. జవాబు కోసం ఒత్తిడి చేయకండి.

ఒక తరగతి అయ్యాక పదవీ విరమణకు దగ్గరపడిన ఒక సూపర్‌వైజర్ గారు నన్ను ఈ ప్రశ్న అడిగారు. పదిహేనేళ్ల కిందట ఒక కుర్రవాణ్ని అందరి ముందు తిట్టారట, వాళ్ల నాన్న వృత్తి ఎత్తి. ఆ అబ్బాయి నంబరు ఎవరెవరినో అడిగి సంపాదించి ఫోన్ చేశారు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత "సార్, మా నాన్న పోయి మూడేళ్లయింది. ఈ మాట ఆయన వింటే బాగుండేది" అన్నాడట. ఆ ఆదివారం ఆయన బస్సెక్కి ఆ ఊరు వెళ్లి, ఆ ఇంట్లో ఫొటోకు దండ వేసి, వాళ్లతో కూర్చుని భోజనం చేసి వచ్చారు.